దేవుళ్లు వేరైనా బంతి ఒకటే కావాలంటే..

కురుపాం: చలికాలం ముగింపునకు వచ్చేసరికి కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండవాలుల మీద కంది కోతకు వస్తుంది. గింజ ఇల్లు చేరుతుంది గానీ పొయ్యి ఎక్కదు. ఊరి జన్నోడు, దీసరోడు కూర్చొని రోజు ఖాయం చేసి, కొండదేవతకు కొత్తలు పెట్టిన తర్వాతే కొత్త పంటను ఎవరైనా నోట పెట్టుకోవాలన్నది గిరిజన గూడల్లో తాతల నాటి కట్టుబాటు. కంది కొత్తల పండుగ అంటే ఇదే. మామిడికీ, కొర్రకూ కూడా ఇటువంటి కొత్తలే ఉన్నాయి.

ఒకనాడు ఈ కట్టుబాటుకు ఎదురు ప్రశ్న లేదు. ఇప్పుడు ఉంది. ఒకే తాత సంతతిలో అన్న కొండదేవతను కొలుస్తాడు. తమ్ముడు ఆదివారం ప్రార్థనకు వెళతాడు. చిన్నాన్న అక్షరబ్రహ్మ భక్తుడు. తమ్ముడు తొలి పంటను ప్రార్థన మందిరంలో అర్పించాడనుకుందాం. అతని ఇంట కందిపప్పు ఉడకవచ్చునా, లేక ఊరి కొత్తల దాకా ఆగాలా? ఆగితే తన విశ్వాసాన్ని తప్పినట్టా? ఆగకుంటే అన్నను అవమానించినట్టా? చిన్నాన్న పండుగకు వస్తాడు గానీ కోడి తెగిన చోట నిలవడు, కల్లు ముంత ముట్టడు. మరి అతణ్ని బంతిలో ఎక్కడ కూర్చోబెట్టాలి?

మతాల గురించి పట్టణాల్లో జరిగే పెద్ద చర్చల్లో ఈ ప్రశ్నలు వినిపించవు. కొండ మీద మాత్రం విశ్వాసం ముందుగా అడిగేది వీటినే. ఏ దేవుడు నిజమన్న వాదానికి ఎవరికీ తీరిక లేదు. ఏ కుండలో వండాలి, ఎవరి చావుకు ఎలా వెళ్లాలి, పెళ్లి మాట ఎలా ఖాయం చేసుకోవాలి అన్నవే అసలు చిక్కులు. ప్రతి విశ్వాసానికీ తనవారి తప్పొప్పులు మాట్లాడుకునే వేదిక ఒకటుంది. రెండు విశ్వాసాల నడుమ పడిన ముడిని విప్పేందుకు మాత్రం ప్రత్యేకించి ఏ వేదికా లేదు. ఆ భారమంతా చుట్టరికం మీదనే పడుతోంది.

చనిపోయినవారితో మాటామంతీ

2022 ఏప్రిల్‌ 4 వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఆనాటి నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో సవరలు, జాతాపులు ప్రధాన తెగలు. సవరలది ముండా భాషాకుటుంబం. కొండ దాటితే ఒడిశా. అటు గుణుపురం, పర్లాకిమిడి వైపు కూడా వారి చుట్టాలే. తెలుగు వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ ఈ భాషనే నేర్చుకొని, 1931లో సవర భాషా వ్యాకరణాన్ని ప్రకటించారు. సవరల సంప్రదాయ మతంపై వెరియర్‌ ఎల్విన్‌ 1955లో పెద్ద గ్రంథం వెలువరించారు. ఆ తర్వాత బ్రిటన్‌కు చెందిన మానవశాస్త్రవేత్త పియర్స్‌ విటెబ్‌స్కీ 1970ల నుంచి ఒడిశా వైపు సవర గ్రామాల్లో నివసించి, 1993లో ఒకటి, 2017లో మరొకటి పుస్తకాలు రాశారు. ఈ ముగ్గురి పరిశీలనల వల్లనే పాత సవర మతం లోపల ఏం జరిగేదో బయటివారికి కొంతైనా తెలిసింది.

ఆ మతంలో నడుమ స్థానం చనిపోయినవారిది. మరణించిన మనిషి ‘సొనుమ్‌’ అవుతాడు. తాను ఏ జబ్బుతో, ఏ ప్రమాదంతో పోయాడో ఆ బాధను బతికున్న తనవారికి అంటిస్తాడని నమ్మకం. అందుచేత ఇంట ఎవరికైనా జబ్బు చేస్తే ముందు వచ్చే ప్రశ్న ‘ఎవరికి ఏం బాకీ పడ్డాం?’ అని. కురన్‌ అనే పూనకపు పూజారి, చాలాసార్లు స్త్రీయే, పూనకంలోకి వెళుతుంది. ఆమె నోట చనిపోయిన తండ్రి మాట్లాడతాడు, అత్త మాట్లాడుతుంది, పసితనంలో పోయిన బిడ్డ మాట్లాడుతుంది. చుట్టూ కూర్చున్నవారు వింటూ ఊరుకోరు. ఏడుస్తారు, వాదిస్తారు, నవ్వుతారు, ఎదురు నిందిస్తారు. చివరి రోజుల్లో నాకు గంజి పోయలేదేమని తండ్రి నిలదీస్తే, నువ్వు తాగి తన్నిన రోజులు మరిచావా అని కొడుకు తిరిగి అడగవచ్చు.

పైకి ఇది మూఢనమ్మకంలా కనిపిస్తుంది. బలుల ఖర్చుతో అప్పుల పాలైన కుటుంబాలకు అది భారం కూడా. అయితే వాస్తవంలో అక్కడ జరిగేది ఒక కుటుంబ న్యాయవిచారణ. అప్పులు, వాటాలు, పట్టించుకోకపోవడం, మాట తప్పడం, ఇవన్నీ పది మంది ఎదుట బయటపడి, మాటల్లో కరిగి, ఒక కొలిక్కి వస్తాయి. బతికున్నవారు ముఖాముఖి అనుకోలేని మాటను చచ్చినవారి నోట అనిపించుకునే ఏర్పాటు అది. ఏళ్లు గడిచేకొద్దీ చనిపోయిన వ్యక్తి కోపం తగ్గి, మంచి పూర్వీకుడై, వంశంలో పుట్టే బిడ్డకు తన పేరు ఇస్తాడు. ఇక తలచుకునేవారు లేని రోజున సీతాకోకచిలుకై ఎగిరిపోతాడు.

సాక్ష్యం చెప్పుకునే చోటు

ఇరవయ్యో శతాబ్దంలో కెనడా బాప్టిస్టు మిషన్‌ సవర కొండల్లోకి వచ్చింది. ఒడిశా వైపు సెరంగో దానికి ముఖ్య కేంద్రం. క్రమంగా క్రైస్తవం కొండకు రెండు వైపులా వ్యాపించింది. విటెబ్‌స్కీ తొలిసారి వెళ్లిన నాటికి దాదాపు ఊరంతా చనిపోయినవారితో మాట్లాడేది. ఒక తరం గడిచేసరికి ఆయన ఎరిగిన గ్రామాల్లో యువతరం అధికభాగం బాప్టిస్టులయింది. ఆయన రెండో పుస్తకం పేరుకు అర్థం ‘మృతులు లేని బతుకు’ అని.

కొత్త విశ్వాసంలో మృతుడు ప్రభువు దగ్గరకు వెళతాడు, తిరిగి మాట్లాడడు. కాబట్టి తప్పొప్పుల విచారణ మరో చోటుకు మారింది. ఆదివారం కూడికలో సాక్ష్యం చెప్పుకోవడం, ప్రార్థన మనవులు వినిపించడం, తప్పు చేసిన సభ్యుణ్ని సంఘపెద్దలు పిలిచి మందలించడం ఆ పనే చేస్తాయి. తాగుడు మానడం, బలి మాంసం ముట్టకపోవడం ఇక్కడ ప్రధాన నియమాలు. రాత్రిపూట సారా గొడవ లేని ఇంటిని ఆడవారు ఎంత మేలుగా భావిస్తారో వేరే చెప్పనవసరం లేదు. జబ్బుకు మేకనో, దున్ననో అమ్మకుండా మిగుల్చుకోవడం కూడా చిన్న విషయం కాదు.

పోయినదీ ఒకటుంది. తండ్రితో తేలని తగాదా ఇప్పుడు ఎక్కడ తేలాలి? పాత పద్ధతిలో ఏళ్ల తరబడి సాగే దుఃఖం కొత్త పద్ధతిలో కొద్ది రోజుల ప్రార్థనతో ముగుస్తుంది. అది కొందరికి ఉపశమనం, మరికొందరికి గొంతులో అడ్డుపడిన మాట.

ఇరవై నాలుగు అక్షరాలు

మూడో దారి పూర్తిగా కొండలోనే పుట్టింది. గుణుపురం ప్రాంతానికి చెందిన మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు ‘సొరంగ్‌ సొంపెంగ్‌’ అనే లిపిని వెలువరించారు. ఆ అక్షరాలు తనకు కొండమీద దర్శనమిచ్చాయని ఆయన చెప్పారు. ఇరవై నాలుగు అక్షరాలు ఇరవై నాలుగు దేవతలకు గుర్తులు. అక్షరాలన్నీ కలిసిన ఓంకార రూపమే అక్షరబ్రహ్మ. అచ్చు యంత్రం, పంచాంగాలు, చిన్న పుస్తకాలతో మొదలైన ఈ మార్గం క్రైస్తవానికి కొండవారు ఇచ్చిన జవాబు అనుకోవచ్చు. చదువు, శుచి, మద్యపాన నిషేధం మిషన్‌వారి సొత్తు మాత్రమే ఎందుకు కావాలన్నది దాని అంతరార్థం. భక్తులు సారా, కల్లు మానతారు, జంతుబలి ఇవ్వరు, పూలూ పండ్లూ ధూపంతో పూజిస్తారు. ఈ లిపికి 2012లో యూనికోడ్‌లో స్థానం లభించింది.

విచిత్రమేమిటంటే, సిద్ధాంతంలో పరస్పరం పోటీ పడే ఈ రెండు మార్గాలూ వంటింట్లో ఒకే పక్షాన నిలుస్తాయి. కల్లు వద్దనేది ఇద్దరూ. బలి వద్దనేది ఇద్దరూ. వారిద్దరి నడుమ ఇబ్బంది పడేది కొండదేవతను కొలిచే అన్నయ్యే.

బలి మాంసం తినవచ్చునా?

కొండదేవత పండుగలో బలి అంటే వధ మాత్రమే కాదు, పంపకం కూడా. మాంసాన్ని ఇంటింటికీ వాటాలు వేస్తారు. వాటా అందుకోవడమంటే ఈ ఊరివాడినని ఒప్పుకోవడం. వద్దంటే ఆ ఊరితో తెగతెంపులు చేసుకున్నట్టు. క్రైస్తవ కుటుంబం ఆకు దొన్నె వెనక్కు పంపితే దేవుడి కంటే ముందు పొరుగువాడే నొచ్చుకుంటాడు.

ఈ చిక్కు కురుపాం కొండలదే కాదు, క్రైస్తవం పుట్టిననాటిది. మొదటి శతాబ్దంలో గ్రీకు పట్టణమైన కొరింథులో కొత్త విశ్వాసులకు సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. పట్టణంలో దొరికే మాంసంలో చాలా భాగం గుళ్లలో బలి ఇచ్చినదే. దానికి పౌలు రాసిన సమాధానం నేటికీ చదవదగినది. మాంసంలో దోషం లేదన్నాడాయన. అన్యుడెవరైనా విందుకు పిలిస్తే వడ్డించినది ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది బలి ఇచ్చినదని పక్కవాడు చెప్పినప్పుడు మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. బలిపీఠం దగ్గర కూర్చొని తినడాన్ని గట్టిగా వారించాడు. అంటే ప్రశ్న మాంసం గురించి కాక, ఎదుటివాడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడన్న దాని గురించి. సంఘపెద్దలు ఈ అధ్యాయాలను ఒకరు కఠినంగా, మరొకరు సడలింపుగా బోధించడం వల్ల పక్కపక్క గూడల్లోనే ఆచరణ మారిపోయే అవకాశం ఉంది.

సర్దుబాట్లకు దారులు లేకపోలేదు. బలితో సంబంధం లేకుండా వేరే కోసిన కోడిని వేరే కుండలో వండవచ్చు. అక్షరబ్రహ్మ భక్తుడికి పప్పన్నం ముందే తీసి ఉంచవచ్చు. పూజకు చందా ఇవ్వలేనివాడు ఊరి దారి బాగుచేతకో, నీటి ఊట శుభ్రం చేయడానికో అదే విలువైన పని చేయవచ్చు. వీటికి లిఖిత నియమం అక్కరలేదు. కానీ వంటకు పూనుకునే ముందు ఎవరో ఒకరు లేచి ఆ మాట అనాలి. సాధారణంగా ఆ మాట అనేది ఇంటి ఆడపడుచులూ, వదినలే. పేరు మాత్రం పెద్దమనుషులకు వస్తుంది.

కుండ లేని పెళ్లిమాట

సంప్రదాయ సవర వివాహంలో వరుని తరఫువారు పిల్లను అడగడానికి కల్లు కుండ, బాణం పట్టుకొని వెళ్లేవారు. కుండను అందుకుంటే మాట సాగినట్టు, తోసేస్తే కాదన్నట్టు. నోటితో చెప్పకుండానే తిరస్కరించగల మర్యాద అందులో ఉంది. జీలుగు కల్లు, ఇప్పసారా ఆ విధంగా మత్తు పదార్థాలే కాదు, మాటకు సాక్షులు కూడా.

ఇప్పుడు ఒక పక్షం ముట్టనివారైతే? కుండ తేకపోతే అడిగినట్టు కాదని పిల్ల తాత పట్టుపట్టవచ్చు. తెస్తే సంఘంలో మాట పడాల్సి వస్తుందని వరుడి తండ్రి భయపడవచ్చు. తాగుడు మానడంలోని మేలును ఎవరూ కాదనరు. దాని స్థానంలో సాక్ష్యంగా నిలిచే వస్తువేదో తేలకపోవడమే ఇబ్బంది.

మద్యం విషయంలో చట్టం గ్రామానికే అధికారం ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించి 1996లో వచ్చిన పీసా చట్టం ప్రకారం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలి. అదే చట్టం ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, తగవులు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడే సామర్థ్యం గ్రామసభకు ఉందని గుర్తించింది. రాష్ట్రంలో దీనికి 2011లో నియమాలు రూపొందాయి. అయితే సారాను నిషేధించమన్న తీర్మానం, ఆచారాన్ని కాపాడమన్న తీర్మానం ఒకే సభకు ఒకే రోజు వస్తే ఏది ముందన్నది చట్టం చెప్పదు. చేతులెత్తే ఊరే తేల్చుకోవాలి.

రాయి, సిలువ, చేను

మరణం దగ్గర చిక్కు ఇంకా బిగుస్తుంది. పాత సవర ఆచారంలో శవాన్ని దహనం చేస్తారు. తర్వాత ‘గుఅర్‌’ జరిపి, మృతుని పేర రాయి నాటి దున్నను బలి ఇస్తారు. ఆ మీదట ఏటేటా ‘కర్జ’ అనే సంస్మరణ. క్రైస్తవులు పూడ్చిపెట్టి సిలువ నాటుతారు. తల్లి కొండదేవతను నమ్మి పోయింది, ఇద్దరు కొడుకుల్లో ఒకడు ప్రార్థనకు వెళ్లేవాడైతే చితి ఎవరు పేర్చాలి? రాయి నాటేటప్పుడు రెండోవాడు ఎంత దూరంలో నిలబడాలి?

ఇది శోకంతో ఆగదు. మృతుని కోసం దున్నను ఇచ్చినవాడికి ఆ చేనుపై హక్కు బలపడేదన్నది పాత లెక్క. బలి ఇవ్వనని విశ్వాసరీత్యా తప్పుకున్న కొడుకు, ఆ లెక్కలో వాటా కూడా వదులుకున్నట్టవుతాడు. ఈ భయం నిరాధారం కాదు గానీ, నేటి చట్టం ఆ లెక్కను అనుసరించదని గిరిజన రైతులు తెలుసుకోవడం అవసరం. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పోడు పట్టా వారసత్వంగా సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు. దంపతులుంటే ఇద్దరి పేరా పట్టా ఇవ్వాలి. మరణ కర్మ ఎవరు చేశారన్న దానితో ఆ చట్టానికి నిమిత్తం లేదు.

మరో విషయం. హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. తెగ ఆచారమే నడుస్తుంది. ఆ ఆచారం పేరు చెప్పి ఆడవారికి వాటా ఎగ్గొట్టే వాదనను 2025 జులై 17న సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు కుటుంబం కేసులో తోసిపుచ్చింది. స్త్రీకి వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు సమానత్వ సూత్రమే అమలవుతుందని, ఆమె వారసులకు సమాన వాటా ఇవ్వాలని తీర్పునిచ్చింది. బలి ఇచ్చే హక్కూ, చేను పంచుకునే హక్కూ మగవారివేనని ఇన్నాళ్లూ మూడు విశ్వాసాలవారూ కలిసికట్టుగా అనుకున్న గూడలు ఉంటే, ఈ తీర్పు అక్కడ కొత్త చర్చకు తెరతీయక తప్పదు.

జబ్బు ఎవరి తప్పు?

పాత మతంలో జబ్బు సొనుమ్‌ కోపం. కొత్త సంఘంలో కొందరికి అది విశ్వాసలోపం. రెండింటిలోనూ రోగి ఇంటివారే తప్పు వెతుక్కోవాలి. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు ప్రబలి వంద మందికి పైగా విద్యార్థినులు ఆస్పత్రుల పాలయ్యారు. ఆ బాలికల ఇళ్లలో ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నా తప్పులేదు. ఇటువంటి కామెర్లు కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వ్యాపిస్తాయి. వర్షాకాలపు మలేరియా దోమ వల్ల వస్తుంది. వీటికి జవాబుదారీ వేరే చోట ఉంటుంది. ఎజ్జోడి దగ్గరికీ, ప్రార్థనకూ వెళ్లే ముందే ఆస్పత్రికి వెళ్లమని చెప్పడం ఏ విశ్వాసానికీ విరుద్ధం కాదు. ఆ మాట వారి నోటనే వస్తే ఆరోగ్య కార్యకర్తల పని సగం తేలికవుతుంది.

నీవు ఇంకా మావాడివేనా?

మతం మారితే ఎస్టీ హోదా పోతుందన్న వదంతి ఏజెన్సీలో తరచూ బయలుదేరుతుంది. దీనికి కారణం రెండు ఉత్తర్వులను కలగలపడం. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మత నిబంధన ఉంది. హిందువులతో పాటు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మాత్రమే అది విస్తరించింది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అటువంటి మత నిబంధన లేదు. మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తొలగించాలన్న డిమాండును 1960ల చివర్లో కార్తీక్‌ ఉరావ్‌ పార్లమెంటులో లేవనెత్తారు. ఇటీవలి సంవత్సరాల్లో అది మళ్లీ వినిపిస్తున్నా చట్టం కాలేదు.

అయితే 2004లో చంద్రమోహనన్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట గమనార్హం. మతమార్పిడి ఒక్కటే తెగ సభ్యత్వాన్ని తుడిచివేయదు. ఆ వ్యక్తి తెగ ఆచార సంప్రదాయాలను ఇంకా పాటిస్తున్నాడా, ఆ సమాజానికి ఉన్న వెనుకబాటును ఇంకా అనుభవిస్తున్నాడా అన్నది కేసు వారీగా సాక్ష్యాలతో తేల్చాలన్నది దాని సారాంశం. కొత్తల పండుగ నాడు అన్నయ్య తమ్ముణ్ని అడిగే ప్రశ్నా దాదాపు ఇదే. నువ్వు మాతో కూర్చుంటావా, మా చావుకు వస్తావా, మా పిల్లను అడుగుతావా? పేర్ల ముందు ‘సవర’ అన్న మాట ముగ్గురికీ ఉంది. బంతిలో చోటు విషయంలో అది ఒక్కటే సరిపోవడం లేదు.

గోడ మీది ఇల్లు

ఇడితాల్‌ అనే సవర చిత్రాన్ని చాలామంది ఇప్పుడు చేతి సంచుల మీద, గోడ పటాల మీద చూసి ఉంటారు. తెల్లని గీతలతో మనుషులు, గుర్రాలు, చెట్లు, ఏనుగులు ఉంటాయి. పూర్వం అది అలంకారం కాదు. ఫలానా సొనుమ్‌కు ఇంట్లో ఉండేందుకు చోటుగా, పూజారి చెప్పిన ప్రకారం గోడ మీద గీసే ఇల్లు. బొమ్మ పూర్తయ్యాక సొనుమ్‌ను అందులోకి పిలిచి నైవేద్యం పెట్టేవారు. ఒడిశాలోని లాంజియా సవరల ఈ చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ బొమ్మలకు పట్టణాల్లో గిరాకీ ఉంది.

ప్రార్థనకు వెళ్లే కుర్రవాడు సీతంపేటలోనో, గుణుపురంలోనో ఈ బొమ్మ నేర్చుకొని గుడ్డ మీద గీసి అమ్మితే అది తాతల దేవతను కొలిచినట్టా, చేతిపని చేసినట్టా? సంఘపెద్ద ఒకటి చెప్పవచ్చు, తాత మరొకటి అనవచ్చు. సొనుమ్‌ను పిలవకుండా బొమ్మ గీస్తే ఖాళీ ఇల్లు కట్టినట్టేనని ఆ తాత బాధపడినా ఆశ్చర్యం లేదు. కుర్రవాడి చెల్లెలి హాస్టల్‌ ఖర్చులు మాత్రం ఆ బొమ్మల మీదనే వెళ్లవచ్చు.